దేశపు అప్పు ఎప్పుడు ప్రమాదకరమవుతుంది?

ప్రశ్న: జపాన్ ప్రభుత్వ రుణం ఆ దేశ స్థూల దేశీయోత్పత్తికి రెట్టింపును మించినా అక్కడ చెల్లింపుల సంక్షోభం రాలేదు. అంతకంటే తక్కువ నిష్పత్తిలో అప్పున్న శ్రీలంక మాత్రం 2022 ఏప్రిల్‌లో విదేశీ రుణ చెల్లింపులను నిలిపివేయవలసి వచ్చింది. మరి ముప్పు తెచ్చేది అప్పు పరిమాణమా, దాన్ని ఖర్చు చేసే తీరా?

మొదటి సమాధానం: రెండూనండి, అయితే ముందు చూడవలసింది ఆ అప్పు ఏ కరెన్సీలో ఉన్నదనేది. జపాన్ రుణం దాదాపుగా ఆ దేశపు సొంత కరెన్సీ అయిన యెన్‌లలోనే, అధిక భాగం స్వదేశీ సంస్థల చేతిలోనే ఉంది. శ్రీలంక డాలర్లలో అప్పు తెచ్చి, డాలర్లు సంపాదించిపెట్టని నిర్మాణాలపై వెచ్చించడమే కాక, 2019లో పన్నులను భారీగా తగ్గించి ఆదాయాన్నీ పోగొట్టుకుంది. విదేశీ మారక నిల్వలు అడుగంటేసరికి ఇంధనానికీ మందులకూ కటకట ఏర్పడింది; ఆ బాధను మోసింది ఆ నిర్ణయాలతో ఏ సంబంధమూ లేని సామాన్యులు.

రెండో సమాధానం: అప్పు సొంత కరెన్సీలో ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేము. అమెరికాలో 2024 ఆర్థిక సంవత్సరంలో నికర వడ్డీ చెల్లింపులు రక్షణ వ్యయాన్ని దాటాయి. వడ్డీని ఆపడానికి వీలుండదు కనుక కోత పడేది పాఠశాలలు, ఆసుపత్రులు, మరమ్మతుల మీదే. ఆ నష్టం ఏళ్లు గడిస్తే గానీ కనబడదు కాబట్టి పాలకులకు అదే సులువైన దారి. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇదే.

ప్రశ్న అడిగినవారు: అయితే అప్పు చేసి పెట్టుబడి పెట్టడం తప్పు కాదంటారా?

రెండో సమాధానమిచ్చినవారు: కాదండి. ఉత్పత్తిని పెంచే విద్యుత్తుకో, రహదారులకో చేసిన అప్పు తీరే అవకాశం ఉంది. పాత వడ్డీని కట్టడానికి ఏటా కొత్త అప్పు తేవడాన్ని మాత్రం సమర్థించలేను.