సైన్స్ ఫిక్షన్ సీరియళ్లలో సహాయ పాత్రలను సాగనంపే తీరు: మీ అనుభవాలు చెప్పండి

అలిపిరి వాసి:
‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ మొదటి సీజన్‌ను మా అమ్మాయితో కలిసి మళ్లీ చూస్తున్నాను. అంతరిక్ష నౌక భద్రతాధికారి తాషా యార్‌ను తారు మడుగు లాంటి ఆర్మస్ అనే జీవి ఒక్క దెబ్బతో చంపేసినప్పుడు, ఆమె మళ్లీ లేస్తుందని మా అమ్మాయి చివరిదాకా ఎదురుచూసింది. తన పాత్రకు తగినంత పని లేదని నటి డెనీస్ క్రాస్బీ తప్పుకోవాలనుకోవడంతో 1988లో ఆ పాత్రను ఇలా ముగించారు. ప్రమాదకరమైన ఉద్యోగంలో చావు ఇలా అర్థం లేకుండానే వస్తుందన్న వాదనను నేను కాదనను. అయినా అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

చిత్తూరు టీచరమ్మ:
తిరుపతిలో హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒకే కంప్యూటర్ ముందు ఆరుగురం కూర్చుని ‘స్టార్‌గేట్ ఎస్‌జీ-1’ చూసేవాళ్లం. ఏడో సీజన్లో, 2004లో వచ్చిన ‘హీరోస్’ రెండు భాగాల కథలో డాక్టర్ జానెట్ ఫ్రేజర్ యుద్ధభూమిలో గాయపడిన సైనికుడికి చికిత్స చేస్తూ మరణిస్తుంది. చనిపోయినది ఎవరో చాలాసేపు చెప్పకుండా దాచిపెట్టడం వల్ల మేమంతా వేరే పాత్ర కోసం భయపడుతూ కూర్చున్నాం. సంస్మరణ సభలో సహచరి కార్టర్ ఆమె గొప్పతనం గురించి ప్రసంగించదు. ఆమె బతికించిన వాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చదువుతుంది. ఆ సైనికుడు తనకు పుట్టిన బిడ్డకు జానెట్ అని పేరు పెట్టుకుంటాడు. ఆ రాత్రి మాలో ఎవరూ భోజనానికి లేవలేదు.

పుత్తూరు పాఠకుడు:
టీచరమ్మ గారూ, మీరు చెప్పినది చదువుతుంటే మా వైపు ధర్మరాజుల గుళ్లలో జరిగే భారతం గుర్తుకొచ్చింది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అభిమన్యుడు పదమూడో నాటి యుద్ధంలో పడిపోతాడు. మరునాటి పొద్దు గుంకేలోగా సైంధవుణ్ణి చంపుతానని అర్జునుడు ప్రతిజ్ఞ పట్టడంతో, పద్నాలుగో నాటి యుద్ధమంతా ఆ కుర్రవాడి చావు మీదనే నడుస్తుంది. పోయిన పాత్ర మిగిలినవాళ్ల చేత ఏదో ఒక పని చేయించాలి. ‘స్టార్ ట్రెక్: వాయేజర్’ సీరియల్లో నౌకలోని వైద్య సహాయకురాలు కెస్ 1997లో వెళ్లిపోతూ నౌకను ఇంటివైపు నెట్టి పదేళ్ల ప్రయాణం తగ్గిస్తుంది, కానీ ఆ తర్వాత ఆమెను తలచుకునేవాళ్లే కరువయ్యారు. నాకు అది అన్యాయంగా తోచింది.

కపిలతీర్థం దారి:
పని చేయించడమే కొలమానమైతే ఏడ్రిక్ లెక్కలోకి రాడు. 1982 నాటి ‘డాక్టర్ హూ’ కథ ‘ఎర్త్‌షాక్’లో ఆ గణిత మేధావి భూమిని ఢీకొనబోయే నౌకలోనే ఉండిపోయి, తాను వేసిన లెక్క సరైనదో కాదో ఎన్నటికీ తెలియదని అనుకుంటూ పోతాడు. ఆ ఎపిసోడ్ చివర సంగీతం లేదు. విరిగిన అతని బ్యాడ్జి మీదుగా నటీనటుల, సాంకేతిక నిపుణుల పేర్లు నిశ్శబ్దంగా సాగిపోతాయి. నా మటుకు నాకు అదీ గౌరవప్రదమైన వీడ్కోలే.

అలిపిరి వాసి:
ఆ మౌనం నాకూ నచ్చింది. పుత్తూరు పాఠకుడు గారి మాట పట్టుకుని ఆలోచిస్తే, తాషా విషయంలో 1990 నాటి ‘యెస్టర్డేస్ ఎంటర్‌ప్రైజ్’ ఎపిసోడ్ చేసిన పని అదేననిపిస్తోంది. అందులో ఆమె మరో కాలధారలో తాను అర్థం లేకుండా చనిపోయానని తెలుసుకుని, ఈసారి తన చావుకు తానే ఒక కారణం ఎంచుకుని, ఓటమి ఖాయమైన పాత నౌకతో కలిసి వెళ్తుంది. అది మూడో సీజన్లో ఉంది కనుక, అక్కడికి చేరేదాకా మా అమ్మాయికి ఏమీ చెప్పకుండా ఉండాలని నిర్ణయించుకున్నాను.