మారిషస్‌లో 60కి 60 ఎలా వచ్చాయి? ఓడినవాళ్ల ఓట్ల సంగతేంటి?

గోస్తని: మాది విజయనగరం వైపు, రెండేళ్లుగా ఎబెన్‌లో ఉద్యోగం. 2024 నవంబర్ 10న ఇక్కడ పార్లమెంటు ఎన్నికల పోలింగ్, మర్నాడు లెక్కింపు. మా ఇంటి ఓనరు మామ్మగారు (వాళ్ల పూర్వీకులు చెరకు తోటల పనికని మన వైపు నుంచే ఓడెక్కారు, ఆవిడకి తెలుగు నాలుగు ముక్కలే వచ్చుగానీ అమ్మోరు పండగ మాత్రం మానరు) పొద్దున్నుంచీ రేడియో వదల్లేదు. లెక్కింపు పూర్తవకముందే అప్పటి ప్రధాని ప్రవింద్ జగన్నాథ్ ఓటమి ఒప్పేసుకున్నారు. నవీన్ రామ్‌గులాం కూటమికి 60 సీట్లు, జగన్నాథ్ వాళ్లకి సున్నా. కానీ జగన్నాథ్ కూటమికీ 27 శాతం దాకా ఓట్లు పడ్డాయి కదా, వాటికి ఒక్క సీటూ రాదా?

చెరకుతోట: రాదండీ. ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు. ఓటరు కచ్చితంగా ముగ్గురికి వేయాలి, ఇద్దరికే వేస్తే ఆ ఓటు చెల్లదు. ఎక్కువమంది ఒకే కూటమి వాళ్లు ముగ్గురికీ వేసేస్తారు కాబట్టి గాలి ఎటు వీస్తే మూడు సీట్లూ అటే. 1982లో, 1995లో కూడా ఇలాగే 60-0. 1982లో గెలిచినవాళ్లు తొమ్మిది నెలలకే చీలిపోయి 1983లో మళ్లీ ఎన్నికలు తెచ్చారు, అందుకే ఎదురులేని గెలుపంటే నాకు భయం. 2019లో ఇదే పద్ధతి జగన్నాథ్‌కి 37 శాతం ఓట్లతోనే మెజారిటీ ఇచ్చింది, అప్పుడు ఆయనకి తప్పు కనపడలేదు.

పోర్ట్‌లూయీ_పద్మ: ఒకటి వదిలేశారు. ఇక్కడ 'బెస్ట్ లూజర్' అని ఉంది: ఓడినవాళ్లలోంచి ఎనిమిది మంది దాకా సభలోకి తీసుకుంటారు. 2024 ఎన్నికల తర్వాత ప్రతిపక్ష నేత అయిన జో లెజోంగార్ అలా వచ్చినవారే. కానీ అది హిందూ, ముస్లిం, చైనీస్, మిగతా జనాభా అని నాలుగు వర్గాలుగా చూసి ఇచ్చేది, దానికి ఆధారం ఇప్పటికీ 1972 జనాభా లెక్కలే! మన తెలుగువాళ్లూ తమిళులూ హిందువుల్లోనే కలుస్తారు. నాకైతే వర్గం చూసి కాకుండా ఓట్ల శాతాన్ని బట్టి కొన్ని సీట్లు ఇవ్వాలనిపిస్తుంది.

చెరకుతోట: పద్మగారూ, శాతం పద్ధతి కావాలని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు, గెలిచినవాళ్లు పట్టించుకుంటేగా. జగన్నాథ్‌ని ముంచింది మాత్రం ఎన్నికల ముందు బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ ఆడియోలు, వాటి దెబ్బకి సోషల్ మీడియా ఆపేయాలనుకోవడం. ఆ నిషేధాన్ని ఒక్కరోజులోనే వెనక్కి తీసుకున్నా జనం మాత్రం మర్చిపోలేదు.

గోస్తని: ఇప్పుడు అర్థమైంది, థాంక్సండీ. మామ్మగారి కొడుక్కి 58. 2025 జూన్ బడ్జెట్లో పెన్షన్ వయసు 60 నుంచి మెల్లమెల్లగా 65కి పెంచుతామనగానే ఆయన భోజనం మధ్యలో లేచిపోయారు. పోయినసారి మూడు ఓట్లూ ఒకే కూటమికి వేశారట, ఈసారి మూడో ఓటు వేరేవాళ్లకి వేస్తానంటున్నారు.