చౌక ఎస్‌ఎస్‌డీ చాలా, ఇంకో వెయ్యి పెట్టి మన్నికైనది కొనాలా?

గాజువాక_డిగ్రీ

అందరికీ నమస్కారం. రెండు మెషీన్లకు ఎస్‌ఎస్‌డీ (తిరిగే డిస్క్ బదులు చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) వేయించాలి. ఒకటి చెల్లి చదువుకునే పాత ల్యాప్‌టాప్. అందులో హార్డ్ డిస్క్ ఉంది, ఆన్ చేసి టీ పెట్టుకుని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. రెండోది మా బాబాయి శానిటరీ షాపులో బిల్లింగ్ కంప్యూటర్. టాలీ దాంట్లోనే, సీసీ కెమెరాల రికార్డింగ్ కూడా దాంట్లోకే. రెండింటికీ 500 జీబీ దరిదాపుల్లో ఉంటే చాలు.

మన విశాఖ డాబాగార్డెన్స్‌లో అడిగితే ఒక షాపాయన "అన్నీ ఒకటే బాబూ, తక్కువది పట్టుకెళ్లు" అన్నాడు. పక్క షాపులో "ఆ చౌకవి ఏడాదిలో పోతాయి, ఇంకో వెయ్యి, పదిహేను వందలు పెట్టండి" అన్నారు. ఎవరి మాట నమ్మాలి?

రిపేర్‌బల్ల_ద్వారకానగర్

తమ్ముడూ, చెల్లి ల్యాప్‌టాప్‌కి పేరున్న కంపెనీది, ఉన్నవాటిలో చౌకది కొను. ఏడాదిలో పోతుందన్నది అమ్ముకోవడానికి చెప్పే మాట. లెక్క వేసి చూద్దాం.

ప్రతి ఎస్‌ఎస్‌డీకి కంపెనీ టీబీడబ్ల్యూ అని ఒక అంకె ఇస్తుంది. దాని మీద మొత్తం ఎన్ని టెరాబైట్లు (ఒక్కోటి వెయ్యి జీబీ) రాసేదాకా వారంటీ వర్తిస్తుందో చెప్పే అంకె అది. క్రూషియల్ బీఎక్స్500లో 480 జీబీ రకానికి 120. కింగ్‌స్టన్ ఏ400లో 480 జీబీకి 160. శామ్‌సంగ్ 870 ఈవో 500 జీబీకి 300. ఇవి పక్కపక్కన చూసిన ఎవరికైనా మూడోదాని మీదకే మనసు పోతుంది. కానీ చెల్లి రోజుకు ఎంత రాస్తుంది? ఆన్‌లైన్ క్లాసులు, బ్రౌజర్, పీడీఎఫ్‌లు, విండోస్ అప్‌డేట్లు అన్నీ కలిపి రోజుకు 20 జీబీ అనుకో. అది కూడా పెంచి చెప్పిందే. ఆ లెక్కన 120 టెరాబైట్లు నిండడానికి 6,000 రోజులు, అంటే పదహారేళ్లు.

పైగా ఆ అంకె దాటిన మర్నాడే డ్రైవ్ పోదు. టెక్ రిపోర్ట్ అనే సైట్ వాళ్లు 2013లో ఆరు డ్రైవ్‌లు తెచ్చి, ఏది ఎప్పుడు పోతుందో చూద్దామని ఆపకుండా రాయించారు. ఆ పరీక్ష 2015 దాకా సాగింది. 700 టెరాబైట్ల దాకా ఒక్కటీ పోలేదు. శామ్‌సంగ్ 840 ప్రో 2,400 కూడా దాటింది. ఆనాటి చిప్‌లు ఇవాళ్టి చౌక చిప్‌ల కన్నా గట్టివే, ఒప్పుకుంటాను. అయినా ఇంటి వాడకానికీ ఆ అంకెలకీ మధ్య చాలా దూరం ఉంది.

మరి చౌక డ్రైవ్‌లు పోవా అంటే, పోతాయి. అరిగి మాత్రం పోవు. అక్కయ్యపాలెంలో ట్యూషన్లు చెప్పే టీచర్‌గారి డ్రైవ్ ఒకటి ఈ మధ్య నా బల్ల మీదకు వచ్చింది. డ్రైవ్ స్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో తెరిస్తే హెల్త్ 94 శాతం. మొత్తం రాసింది పది టెరాబైట్లు కూడా లేదు. కానీ నేను చూస్తుండగానే లిస్టులోంచి మాయమైంది. స్విచ్ ఆపి వేస్తే మళ్లీ కనిపించింది, ఒక ఫోల్డర్ కాపీ పెట్టగానే మళ్లీ పోయింది. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, అదే తీరు. చిప్‌లు బాగానే ఉన్నాయి, వాటిని నడిపించే కంట్రోలర్ పోతోంది. ఈ చావుకీ టీబీడబ్ల్యూకీ సంబంధం లేదు.

ఖరీదైనదాన్ని ఖరీదు కూడా కాపాడదు. 2019లో హెచ్‌పీఈ తన సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఎస్‌డీల గురించి హెచ్చరిక ఇచ్చింది. ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రాం) లోపం వల్ల సరిగ్గా 32,768 గంటలు నడిచాక అవి ఆగిపోతాయి, డేటా తిరిగి రాదు, వెంటనే అప్‌డేట్ చేసుకోండి అని. అవి మన బడ్జెట్ డ్రైవ్‌లు కావు, పెద్ద కంపెనీలు కొనేవి. అందుకే ఆ మిగిలే వెయ్యిని బ్యాకప్ డిస్క్ మీద పెట్టు అంటాను. నా దగ్గరకు ఏడుస్తూ వచ్చేవాళ్లు డ్రైవ్ పోయిందని ఏడవరు, ఫొటోలు పోయాయని ఏడుస్తారు.

సీతమ్మధార_ఎడిటర్

అన్నా, మీ లెక్క సరైనదే. కానీ మన్నిక అంటే ఎన్నేళ్లు బతుకుతుంది అన్నదొక్కటేనా? పని మధ్యలో చతికిలబడకుండా ఉండటం కూడా మన్నికే కదా.

చౌక డ్రైవ్‌లో ఎక్కడ మిగుల్చుకుంటారో చూడండి. టీఎల్‌సీ రకం చిప్‌లో ఒక్కో సెల్‌లో (డేటా దాచే చిన్న గదిలో) మూడు బిట్లు దాస్తారు, ఎనిమిది వోల్టేజీ స్థాయిలు గుర్తుపట్టాలి. క్యూఎల్‌సీలో నాలుగు బిట్లు, పదహారు స్థాయిలు. స్థాయిలు దగ్గరయ్యేకొద్దీ రాయడం నెమ్మదిస్తుంది, సెల్ త్వరగా అరుగుతుంది. అది కనపడకుండా కొంత భాగాన్ని ఒక్కో సెల్‌కి ఒకే బిట్ రాసే కాష్‌గా, అంటే వచ్చిన డేటాని ముందు వేగంగా దించుకునే చోటుగా, వాడతారు. డబ్బా మీద వేసే వేగం ఆ కాష్‌ది. అది నిండాక అసలు సంగతి బయటపడుతుంది.

శామ్‌సంగ్ తన క్యూఎల్‌సీ డ్రైవ్ 870 క్యూవో 1 టీబీ గురించి తానే రాసింది: కాష్ గరిష్ఠంగా 42 జీబీ, అప్పటిదాకా సెకనుకు 530 ఎంబీ, ఆ తర్వాత 80. మాది పెళ్లిళ్ల స్టూడియో. 4కేలో సెకనుకు 100 మెగాబిట్ల దగ్గర తీస్తే గంటకు 45 జీబీ, ఒక్కో కెమెరాకి. ఒక పెళ్లి ఫోల్డర్ 300 జీబీ అనుకోండి. టీఎల్‌సీ ఉన్న 870 ఈవో 1 టీబీకి ఎక్కించడం పది నిమిషాల పని. అదే ఫోల్డర్ క్యూవోకి ఎక్కించాలంటే గంట దగ్గర పడుతుంది. శ్రావణ మాసంలో రాత్రి రెండు గంటల ముహూర్తం ముగించుకుని వచ్చి, తెల్లారేసరికి వధువు ఇంటికి రీల్ పంపాల్సినవాళ్లకి ఆ గంట ఎంత విలువో చెప్పలేను. చౌకది అంటగట్టే ముందు కొనేవాడి పని ఏమిటో అడగాలి.

ఎంవీపీ_కాలనీ_17

నాదొక మాట. "పేరున్న కంపెనీది" అనేస్తే సరిపోదు. అదే పేరు, అదే డబ్బా, లోపల సరుకు వేరు. క్రూషియల్ పీ2 మొదట టీఎల్‌సీతో వచ్చింది, మంచి రివ్యూలు తెచ్చుకుంది. 2021కల్లా అదే పేరుతో క్యూఎల్‌సీ పెట్టి అమ్మారని టామ్స్ హార్డ్‌వేర్ సైట్ వాళ్లు పరీక్షించి బయటపెట్టారు. రివ్యూ చదివింది ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి. ఇది మోసం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అయిదేళ్ల వారంటీతో, ఎక్కువ టీబీడబ్ల్యూ రాసిచ్చేది కొంటే కనీసం ఆ కాగితమైనా మన పక్షాన ఉంటుంది.

బ్యాకప్‌కి ఇంకో చౌక ఎస్‌ఎస్‌డీయే కొని బీరువాలో పెట్టుకుంటే సరిపోతుందిగా?

ఉక్కునగరం_విశ్రాంత

బీరువాలో పెట్టేదానికి ఎస్‌ఎస్‌డీ వద్దు బాబూ. అందులో డేటా అంటే సెల్‌లో బంధించిన ఎలక్ట్రాన్లు. కరెంటు లేకుండా పడేస్తే మెల్లగా జారిపోతాయి, వేడికి ఇంకా త్వరగా. చిప్‌లకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం, పూర్తిగా అరిగేదాకా వాడిన ఇంటి రకం డ్రైవ్ 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాది నిలిస్తే చాలు. కొత్తది అంతకన్నా చాలా ఎక్కువే నిలుస్తుంది. కానీ మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో మూసిన బీరువాలో 30 డిగ్రీలు ఎక్కడ ఉంటుంది? దాచుకోవడానికి మామూలు హార్డ్ డిస్కే మంచిది, జీబీకి అయ్యే ఖర్చు కూడా తక్కువ.

ఇక ధర గురించి. ద్వారకానగర్ మిత్రుడు రోజుకు ఎన్ని జీబీ అని లెక్క వేశారు. నేను ఏడాదికి ఎంత అని వేస్తాను. బీఎక్స్500కీ ఏ400కీ మూడేళ్ల వారంటీ. 870 ఈవోకి అయిదేళ్లు. మాటవరసకి ఒకటి మూడు వేలు, రెండోది నాలుగున్నర వేలు అనుకుందాం. మొదటిది ఏడాదికి వెయ్యి, రెండోది తొమ్మిది వందలు. ఎక్కువ ధరది అనుకున్నదే నిజానికి చవక. తేడా రెండు వేలు దాటితేనే ఈ లెక్క తిరగబడుతుంది. కొనే రోజు ధరలు చూసి భాగించుకోండి, క్షణం పట్టదు. వారంటీ ఏళ్లు, టీబీడబ్ల్యూ, ఈ రెంటిలో ఏది ముందు ముగిస్తే అక్కడికే చెల్లు అన్నది మరవకండి.

ఇంకో సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఈ ఊరు ఎలా ఉందో చూశాం. అంతటిది రోజూ రాదు, కానీ గాలివానకి కరెంటు పోతూ వస్తూ ఉండటం మామూలే. రాస్తుండగా కరెంటు పోతే చేతిలో ఉన్నది రాసి ముగించడానికి సర్వర్ డ్రైవ్‌లలో కాస్త కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లు పెడతారు. ఇంటి రకం వాటిలో, వెయ్యి ఎక్కువ పెట్టినవాటిలో కూడా, సాధారణంగా అవి ఉండవు. షాపు కంప్యూటర్‌కి యూపీఎస్ లేకపోతే ముందు అది కొనండి.

రిపేర్‌బల్ల_ద్వారకానగర్

సార్, ఏడాదికి భాగించే లెక్క బాగుంది. కానీ ఆ వారంటీ కొత్త డ్రైవ్ ఇస్తుంది తప్ప అందులోని డేటా ఇవ్వదు. నాకు ముఖ్యం అదే. తక్కువ బడ్జెట్‌తో వచ్చేవాడు అయిదేళ్ల కాగితం కొని, బ్యాకప్ తర్వాత చూసుకుందామని వెళ్లిపోతాడు. ఆ తర్వాత అనేది రాదు.

ఎడిటర్ తమ్ముడూ, నీ పనికి నేనూ క్యూఎల్‌సీ ఇవ్వను. బాబాయి షాపుకి కూడా నీ వాదనే వర్తిస్తుంది. కెమెరాలు నాలుగు అనుకుందాం, ఒక్కోటి సెకనుకు 4 మెగాబిట్లు. ఎనిమిది మెగాబిట్లు ఒక ఎంబీ. అంటే నాలుగూ కలిపి సెకనుకు రెండు ఎంబీ చొప్పున రోజుకు 170 జీబీ పైనే అవుతుంది. 120 టీబీడబ్ల్యూ డ్రైవ్ రెండేళ్లు నిండకముందే ఆ అంకె దాటేస్తుంది. మూడేళ్ల వారంటీ అక్కడితో సరి. 300 టీబీడబ్ల్యూది తెచ్చినా అయిదేళ్లు రాదు. కాబట్టి అక్కడ చౌకదా, ఖరీదైనదా అన్న ప్రశ్నే వద్దు. రికార్డింగ్‌ని సీసీ కెమెరాల కోసమే చేసే హార్డ్ డిస్క్‌కి మార్చండి. విండోస్, టాలీ మాత్రం ఎస్‌ఎస్‌డీలో ఉంచండి.

బీచ్ వైపు ఇళ్లవాళ్లకి ఒక మాట. ఉప్పుగాలికి కనెక్టర్ల మీద పొర కడుతుంది. డ్రైవ్ పోయిందని తెచ్చినవాటిలో కొన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కనెక్టర్ కాళ్లు తుడవగానే లేచాయి. పారేసే ముందు ఒకసారి తుడిపించి చూడండి.

గాజువాక_డిగ్రీ

అందరికీ థాంక్స్. బాబాయితో మాట్లాడాను. షాపుకి అయిదేళ్ల వారంటీది, టీఎల్‌సీ అని కంపెనీ రాతపూర్వకంగా చెప్పింది తీసుకుంటాం. కెమెరాలకి వేరే హార్డ్ డిస్క్. యూపీఎస్ ఉంది కానీ బ్యాటరీ పోయి చాలా కాలమైంది, అది మార్పిస్తున్నాం. చెల్లికి చౌకదే, దాంతో పాటు 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. ఆన్‌లైన్‌లో 2 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ పదిహేను వందలకే కనిపిస్తోంది, అది తీసుకోవచ్చా?

సీతమ్మధార_ఎడిటర్

దాని జోలికి వెళ్లకు. ఆ ధరకి 2 టీబీ రాదు. అలాంటి డబ్బాల్లో చిన్న మెమరీ కార్డు పెట్టి, ఫర్మ్‌వేర్‌లో 2 టీబీ అని అబద్ధం చెప్పిస్తారు. కార్డు నిండాక పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది, ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. చెల్లి డ్రైవ్ విషయంలో మాత్రం నా మాట ఇది, తేడా అయిదారు వందలే అయితే టీఎల్‌సీదే తీసుకో.

రిపేర్‌బల్ల_ద్వారకానగర్

అయిదారు వందలే అయితే నేనూ అడ్డు చెప్పను. ఏది కొన్నా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకో. షాపు జీఎస్టీ నంబరుతో బిల్లయితే 18 శాతం పన్నుని బాబాయి తాను కట్టే జీఎస్టీలో క్రెడిట్‌గా తీసుకోవచ్చు. ఇంటికి తెచ్చిన రోజే, విండోస్ వేయకముందు, ఇంకో కంప్యూటర్‌కి తగిలించి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రాంతో డ్రైవ్ మొత్తం ఒకసారి నింపి చదివించు. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను. తేడా ఉంటే రిటర్న్ గడువులోనే వెనక్కి ఇచ్చేయొచ్చు.