ఉగాది సంబరాలు, ఏప్రిల్ 12: ఎవరి పని ఎక్కడిదాకా వచ్చింది?
(షికాగో చుట్టుపక్కల తెలుగువాళ్ల గ్రూప్. ఎవరు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పేరుతోనే రాస్తారు.)

నేపర్‌విల్ · మార్చి 31, సోమవారం రాత్రి 8:50
ఇంక పన్నెండు రోజులే. బుధవారం ప్రోగ్రాం షీటు ప్రింటుకి వెళ్లాలి. కింది వాటి పక్కన ఎవరి పేరు వాళ్లు పెట్టండి. పోయినసారిలా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగే ఓపిక నాకు లేదు.
1. వేపపువ్వు
2. పంతులుగారిని లెమాంట్ గుడి నుంచి తీసుకొచ్చి, మళ్లీ దింపడం
3. స్టేజీ వెనక తెర
4. కార్డ్‌లెస్ మైకులు నాలుగు, కొత్త బ్యాటరీలతో
5. ఆడపిల్లల ఐటమ్: నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ లాక్రాస్ (చిక్కం కట్టిన కర్రలతో బంతి ఆడే ఆట) కోచ్ కథ, 12 నిమిషాలు
6. చెత్త సంచులు, పెద్దవి

పాలటైన్ · 9:05
వేపపువ్వు నాది. మా అత్తగారు గుంటూరు నుంచి తెచ్చిన ఎండుపువ్వు ఉంది. నాలుగొందల మందికి చాలదు, కానీ చేదు తగిలిస్తే చాలు కదా.

అరోరా · 9:40
అందరూ ఒక్క నిమిషం ఆగండి. మనకి హాల్ అద్దెకిచ్చిన స్కూల్ వాళ్ల మెయిల్ ఇప్పుడే వచ్చింది. మనం పంపిన ప్రోగ్రాంలో ఐదో ఐటమ్ పట్టుకున్నారు. ఆట ప్రదర్శన ఉంటే మన ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ సరిపోదట, ఆటలకి వేరే కవరేజీ కావాలట. అది లేకుంటే ఆడిటోరియంలో ఆట ఉండకూడదు, బంతి కనిపించకూడదు. శుక్రవారం సాయంత్రం లోపల రాతపూర్వకంగా తేల్చకపోతే హాల్ ఇవ్వం అన్నారు.

నేపర్‌విల్ · 9:44
హాల్ మొత్తమా?

అరోరా · 9:45
మొత్తం. కెఫెటేరియాతో సహా.

శాంబర్గ్ · మంగళవారం ఉదయం 7:10
ఏజెంటుతో మాట్లాడాను. ఒక్కరోజు ఆటల కవరేజీకి 385 డాలర్లు అవుతుంది. క్యాటరింగ్ అడ్వాన్సు, హాల్ అద్దె, జానిటర్ ఓవర్‌టైమ్ పోగా మన దగ్గర మిగిలింది 210. ఎవరైనా సొంత జేబులోంచి ఇస్తామంటే వద్దనే చెప్తాను. మూడేళ్ల కిందట అలా తీసుకుని ఎంత మాట పడ్డామో మర్చిపోలేదు.

అరోరా · 7:32
సింపుల్‌గా ఆలోచిద్దాం. ఐదో నంబర్ తీసేస్తే సమస్యే లేదు. ఒక్క ఐటమ్ కోసం హాల్ పోగొట్టుకుందామా?

స్కోకీ · 7:50
తీసేద్దాం అనడం మీకు ఎంత తేలికగా వచ్చిందో చూడండి అన్నా. ఆరుగురు పిల్లలు ఐదు వారాలుగా శనివారం శనివారం మా గరాజ్‌లో ప్రాక్టీస్ చేస్తున్నారు. పోయినసారి టైం అయిపోయిందని తీసేసిందీ ఆడపిల్లల ఐటమే. అదే రోజు మీవాడి డ్యాన్స్ రెండుసార్లు వేశారు.

అరోరా · 7:58
రెండోసారి వేసింది మధ్యలో పాట ఆగిపోయిందని. సౌండ్ ఎవరు చూశారో వాళ్లని అడగండి.

బఫెలో గ్రోవ్ · 8:01
పొద్దున్నే నన్నెందుకు లాగుతారు సార్. ఆ రోజు మీవాడి ఫోన్‌కి కాల్ వచ్చింది, అందుకే పాట ఆగింది. పాటలు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమని వారం ముందే చెప్పాను.

పాలటైన్ · 8:20
నాకు తెలియక అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. ఉగాదికీ లాక్రాస్‌కీ ఏం సంబంధం? క్రికెట్ అంటే సరే. అసలు ఈ ఆట మనలో ఎంతమందికి తెలుసు?

స్కోకీ · మంగళవారం రాత్రి 10:15
పాలటైన్ తమ్ముడూ, నీ ప్రశ్న మా అమ్మాయికి చూపించాను. అది చెప్తుంటే నేను టైప్ చేస్తున్నా. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు.

మొదటి మాట. 2023 అక్టోబర్‌లో ఒలింపిక్ కమిటీ వాళ్లు 2028 లాస్ ఏంజెలెస్ ఆటల్లోకి క్రికెట్‌ని తీసుకున్నారు కదా, అదే సమావేశంలో లాక్రాస్‌ని కూడా తీసుకున్నారు. సమావేశం జరిగింది ఎక్కడో కాదు, ముంబైలో. "అంకుల్‌కి ఇది చాలదా?" అంటోంది.

ఇక కోచ్ సంగతి. ఆవిడ పేరు కెల్లీ అమాంటీ హిల్లర్. సొంత ఊరు మసాచుసెట్స్‌లో హింగమ్. వాళ్ల అన్న టోనీ అమాంటీ ఐస్ హాకీ ఆటగాడు, మన షికాగో బ్లాక్‌హాక్స్‌కి చాలా ఏళ్లు ఆడాడు, బాబాయ్ గారికి తెలిసే ఉంటుంది. ఈవిడ మేరీలాండ్ యూనివర్సిటీలో సిండీ టిమ్‌చల్ అనే కోచ్ దగ్గర ఆడి 1995లో, 1996లో కాలేజీల జాతీయ ఛాంపియన్ అయింది.

మెలిక ఇక్కడుంది. ఆ టిమ్‌చల్ గారు మేరీలాండ్ వెళ్లకముందు, 1982 నుంచి 1990 దాకా, మా ఇంటి పక్కన ఎవన్‌స్టన్‌లోనే, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలోనే కోచ్. ఆవిడ వెళ్లిపోయాక 1992లో యూనివర్సిటీ వాళ్లు ఆ టీమ్‌నే ఎత్తేశారు. తర్వాత అమ్మాయిలు క్లబ్బుగా ఆడుకున్నారు అంతే. మళ్లీ పెడదామని 2000లో పిలిచింది ఎవరిని అనుకున్నారు? టిమ్‌చల్ శిష్యురాలిని.

2002లో మొదటి సీజన్, ఓడినవే ఎక్కువ. అప్పట్లో ఈ ఆటంటే బాల్టిమోర్, లాంగ్ ఐలండ్ వైపు పిల్లలదే. బాగా ఆడేవాళ్లు ఇంత దూరం ఎందుకొస్తారు? ఈవిడ క్యాంపస్‌లోనే వెతికింది. కవల అక్కచెల్లెళ్లు, అంతకుముందు లాక్రాస్ ఆడినవాళ్లు కాదు, వాళ్ల చురుకుదనం చూసి టీమ్‌లోకి రమ్మంది. 2005కల్లా 21 ఆడి 21 గెలిచారు. ఫైనల్లో వర్జీనియా మీద 13-10. అక్కణ్నుంచి 2009 దాకా వరసగా ఐదేళ్లు కప్పు ఎవన్‌స్టన్‌కే వచ్చింది. 2010 ఫైనల్లో ఓడించింది మేరీలాండ్. ఆ టీమ్ కోచ్ క్యాథీ రీస్ కూడా టిమ్‌చల్ శిష్యురాలే, చూడండి! 2011, 2012 మళ్లీ వీళ్లవే. తర్వాత పదేళ్లు ఏమీ లేదు. 2022 సెమీస్‌లో చేతికొచ్చిన మ్యాచ్‌ని నార్త్ కరోలైనాకి 15-14తో వదిలేసుకున్నారు. ఆ పదేళ్లూ ఆవిడ ఎక్కడికీ పోలేదు. 2023లో బోస్టన్ కాలేజీ మీద 18-6, మొత్తం ఎనిమిదో కప్పు. 2024లో అదే బోస్టన్ కాలేజీ చేతిలో ఒక్క గోల్‌తో ఓడారు.

మా అమ్మాయి స్టిక్ మొదటిసారి పట్టుకున్నది ఆ 2023 ఫైనల్ టీవీలో చూశాకే. ఇదీ సంబంధం.

శాంబర్గ్ · బుధవారం ఉదయం 6:45
చదివాను. రెండుసార్లు చదివాను. గురువుగారికి ఎన్ని కప్పులమ్మా?

స్కోకీ · 6:58
ఎనిమిదే బాబాయ్ గారూ. అన్నీ మేరీలాండ్‌లోనే, 1992లో ఒకటి, 1995 నుంచి 2001 దాకా వరసగా ఏడు. ఇద్దరికీ ఎనిమిది ఎనిమిది. టిమ్‌చల్ గారు 2007లో నేవీ (అమెరికా నౌకాదళ అకాడమీ) టీమ్‌కి కోచ్‌గా వెళ్లారు. 2017లో వాళ్లని సెమీస్ దాకా తీసుకెళ్లారు.

పాలటైన్ · 7:30
వెనక్కి తీసుకుంటున్నా వదినా. నిన్న నేను ఆ ఆవిడ గురించి వెతుకుతూ ఇంకోటి చూశాను. 2005లో గెలిచాక వైట్ హౌస్‌కి పిలిస్తే కొందరు అమ్మాయిలు హవాయి చెప్పులేసుకుని వెళ్లారట! ప్రెసిడెంట్ బుష్ పక్కన నిలబడి ఫొటో. ముందు వరసలో చెప్పులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇంట్లోవాళ్లు తలపట్టుకున్నారు, దేశమంతా పేపర్లలో వచ్చింది. చివరికి ఆ చెప్పుల్నే వేలం వేసి, బ్రెయిన్ ట్యూమర్ ఉన్న ఒక చిన్నపిల్ల కోసం డబ్బులిచ్చారు. ఇది మీ కథలో ఉందా లేదా?

స్కోకీ · 7:41
లేదు. చెప్పులెందుకని నేనే తీసేయించాను.

పాలటైన్ · 7:42
అసలైనదే తీసేశారు.

అరోరా · 7:55
కథ బాగుంది, ఒప్పుకుంటాను. నిన్న తొందరపడి మాట్లాడాను, సారీ అక్కా. కానీ శుక్రవారం శుక్రవారమే. 175 డాలర్లు ఇంకా తక్కువే. బంతి లేకుండా పిల్లలు ఏం చేస్తారు? మైకు పట్టుకుని చదువుతారా?

నేపర్‌విల్ · 8:10
చదివితే జనం టిఫిన్ల దగ్గరికి వెళ్లిపోతారు. బయట పార్కింగ్‌లో చేయిద్దామా?

శాంబర్గ్ · 8:14
పార్కింగ్ కూడా స్కూల్‌దేనమ్మా.

బఫెలో గ్రోవ్ · బుధవారం రాత్రి 11:20
డ్రైవింగ్‌లో ఉండగా తట్టింది. బుర్రకథ చెప్పిద్దాం.

మా తాతగారి ఊళ్లో సంక్రాంతికి మూడు రాత్రులు బుర్రకథ చెప్పించేవాళ్లు. మధ్యలో కథకుడు, భుజాన తంబురా. అటొకడు, ఇటొకడు, డక్కీలు వాయిస్తూ. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. ఇప్పుడు లాక్రాస్ స్టిక్ చూడండి. పొడుగు కర్ర, చివర చిక్కం. ఆ చిక్కం మీద ఒక గిన్నె బోర్లించి కడితే అచ్చం తంబురా! బంతి లేదు, విసరడం లేదు, ఆట లేదు. కర్ర భుజాన పెట్టుకుని పాడితే దానికి ఇన్సూరెన్స్ ఏమిటి?

హాస్యం చెప్పే అమ్మాయికి హవాయి చెప్పులు. రాజకీయం చెప్పే అమ్మాయికి 1992లో టీమ్ మూసేసిన సంగతి. కథ మధ్యలో అమ్మాయిది. మిగతా ముగ్గురూ వెనక వంత.

నేపర్‌విల్ · 11:24
నువ్వు పడుకో తమ్ముడూ.
(ఆగు. ఇది బాగుంది.)

స్కోకీ · గురువారం ఉదయం 7:05
అమ్మాయికి బుర్రకథ అంటే ఏంటో తెలియదు. రాత్రి పాత వీడియోలు చూపించాను. ఒంటిగంట దాకా "తందాన తాన" అంటూ వంటింట్లో గంతులు. దానికి నచ్చింది ఏమిటంటే, వాళ్ల ఆటలో బంతి జారిపోకుండా స్టిక్‌ని అటూ ఇటూ ఊపుతూ పరిగెత్తుతారు కదా, దాన్ని క్రేడిల్ అంటారు. అంటే ఉయ్యాల. కథకుడు తంబురా ఊపేదీ అలాగే ఉందంటోంది. చేతికి అలవాటే కాబట్టి కష్టం లేదట.

అరోరా · గురువారం మధ్యాహ్నం 1:30
స్కూల్ వాళ్లకి ఫోన్ చేశాను. "పాత జానపద కథ చెప్పే పద్ధతి, కర్ర ఒక సంగీత వాయిద్యం లాంటిది" అన్నాను. ఆవిడ రెండుసార్లు అడిగింది, బంతి ఉండదు కదా అని. ఉండదు అన్నాను. స్టేజీ వస్తువుగా అయితే అభ్యంతరం లేదు, చిక్కం మూసి ఉండాలి అంది. మెయిల్ కూడా వచ్చేసింది. ఒక్క రిక్వెస్టు: రాజకీయం చెప్పే పాప ఇన్సూరెన్స్ ప్రస్తావన మాత్రం తేవొద్దు. జానిటర్‌కి తెలుగు రాకపోవచ్చు, ప్రిన్సిపాల్ ఆఫీసులో ఒకమ్మాయిది విజయవాడ.

స్కోకీ · గురువారం రాత్రి 10:40
మొదటి ముక్క రాశాను. చూసి చెప్పండి.

వినరా వినరా తెలుగు సోదరా, తందాన తాన
మిషిగన్ ఒడ్డున ఎవన్‌స్టన్ లోన, తందాన తాన
మూసిన ఆటకు తలుపులు తీసి
మొదటి ఏడున ఓటమి చూసి
ఆట తెలియని కవలల పిలిచి
చేతికి చిక్కపు కర్రను ఇచ్చి
ఇరవై ఒకటి ఆడినదమ్మా, తందాన తాన
ఇరవై ఒకటీ గెలిచినదమ్మా, భళానోయ్ భాయి తందాన తాన

శాంబర్గ్ · శుక్రవారం ఉదయం 6:50
బాగుంది. కానీ గురువుగారిని మొదట తలుచుకోకుండా కథ మొదలుపెడితే నాకు మనస్కరించదు. మన దగ్గర ఏ కథకుడూ అలా మొదలుపెట్టడు.

స్కోకీ · 7:02
పన్నెండు నిమిషాలు కాస్తా ఏడు చేశారు కదా బాబాయ్ గారూ. ప్రార్థనకి సరిపోదు.

శాంబర్గ్ · 7:06
రెండు లైన్లు చాలు. "టిమ్‌చల్ గురువుకు వందనమంటూ" అని మొదలుపెట్టి, వెంటనే కథలోకి రండి. నా అయిదు నిమిషాల స్వాగతోపన్యాసంలో రెండు నిమిషాలు తగ్గించుకుంటాను.

బఫెలో గ్రోవ్ · 7:15
ఇది రికార్డుకి ఎక్కాలి.

నేపర్‌విల్ · 7:20
సరే, తొమ్మిది నిమిషాలు. ప్రోగ్రాం షీటు మళ్లీ ప్రింటు చేయిస్తున్నా, "లాక్రాస్ ప్రదర్శన" కొట్టేసి "బుర్రకథ: ఒక కోచమ్మ కథ". అభ్యంతరం ఉంటే పది గంటల లోపల చెప్పండి.

పాలటైన్ · 7:21
కోచమ్మ! దీనికి మించి పేరు లేదు.

స్కోకీ · ఏప్రిల్ 9, బుధవారం రాత్రి 9:30
రిహార్సల్ చేశాం. హాస్యం పాప హవాయి చెప్పు తీసి ప్రెసిడెంట్‌కి దండం పెట్టే చోట పిల్లలే నవ్వి పడిపోతున్నారు, ముందుకి సాగట్లేదు. గజ్జెలు రెండు జతలు తక్కువ, కూచిపూడి టీచర్ గారిని అడిగాను, ఇస్తామన్నారు. ఒక్కటే ఇబ్బంది. చిక్కం మీద కట్టిన గిన్నె జారిపోతోంది. మాది లోతు ఎక్కువ, అంచు బయటికి వస్తోంది. రబ్బరు బ్యాండ్లు నిలవట్లేదు. ఏడంగుళాల వెడల్పు, లోతు తక్కువ ఉన్న స్టీలు గిన్నె ఎవరి దగ్గరైనా ఉందా?

పాలటైన్ · 9:52
నా దగ్గర ఉంది, బెల్లం కొలిచే గిన్నె. అంచుకి రెండు పక్కలా చిన్న కొక్కేలున్నాయి, తాడు కట్టుకోవచ్చు. ఉదయం పచ్చడికి నాకే కావాలి. పదకొండున్నరకి పచ్చడి పంచడం అయిపోతుంది, మీ కథ రెండింటికి కదా. కడిగి స్టేజీ వెనక పెడతాను. జిగురుగా ఉంటే తిట్టకండి.

స్కోకీ · 9:55
రెండుసార్లు కడుగు తమ్ముడూ. చీమలు పడితే కథ ఆగిపోతుంది.