స్కాన్ చేసిన పుస్తకం బ్రెయిలీకి వెళ్తుంటే చుక్కా కామా మార్చొచ్చా?

పాతప్రతి:
పాత నవల ఒకటి స్కాన్ చేసి, ఓసీఆర్ తీసి (అంటే బొమ్మలోని అక్షరాలని కంప్యూటర్ చేత టైపు పాఠంగా మార్పించి), బ్రెయిలీ కోసం సరిచూస్తున్నాను. రచయితగారికి చుక్కల పిచ్చి. "నేను...... రాను......." అని పేజీ నిండా ఇవే. నాతో కలిసి చేస్తున్నావిడ అన్నీ తీసేయమంటోంది. నేను ఒక్కటీ ముట్టుకోనంటున్నాను. మీరేమంటారు?

తొందరమనిషి:
తీసేయండి. బ్రెయిలీలో ఒక్కో చుక్కకి ఒక్కో సెల్, అంటే ఒక అక్షరం పట్టే ఆరు చుక్కల గడి, పోతుంది. మామూలుగా లైనుకి 40 సెళ్లు, పేజీకి 25 లైన్లు. అచ్చులో చేతిలో ఇమిడే నవల బ్రెయిలీలో కొన్ని సంపుటాలవుతుంది. ఉత్త చుక్కల కోసం ఇంకా కాగితం మోయించడమెందుకు?

ఆరుచుక్కలు:
నేను వేలితో చదివేదాన్ని, కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతాను. "నేను రాను" అంటే మొండితనం. "నేను... రాను" అంటే గొంతుకి ఏదో అడ్డుపడింది. ఆడియోలో అయితే చదివేవాళ్ల గొంతే ఆ పని చేసేస్తుంది. కాగితం మీద నాకు ఆ చుక్కలే ఆధారం. బరువంటారా, మోసేది నేనే కదా!

అసలు తలనొప్పి వేరే ఉంది. బ్రెయిలీలో ప్రశ్నార్థకానికీ, తెరిచే కొటేషన్‌కీ ఒకటే సెల్: గడిలోని ఆరింటిలో 2, 3, 6 నంబరు చుక్కలు. మాట చివర అంటుకుని ఉంటే ప్రశ్న, మాట ముందుంటే కొటేషన్. పాత అచ్చులో "ఎవరు ?" అని మధ్యలో ఖాళీ కనిపిస్తుంటుంది. అది అలాగే వచ్చేస్తే, ఎవరో మాట్లాడబోతున్నారనుకుంటాను. మూసే కొటేషన్ కోసం పేరా అంతా తడుముకున్న రోజులున్నాయి.

తొందరమనిషి:
ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నారు, ఇప్పుడు ఖాళీ తీసేయమంటున్నారు!

ఆరుచుక్కలు:
ఆ ఖాళీ రచయిత పెట్టింది కాదండీ, ప్రెస్సులో అక్షరాలు కూర్చే కంపోజిటర్ పెట్టింది.

అచ్చుతప్పు:
లైను చివర మాట విరిచినప్పుడు వేసే హైఫన్ కూడా అంతే, ప్రెస్సువాళ్లది. బ్రెయిలీలో లైను ఇంకోచోట విరుగుతుంది కాబట్టి "పుస్త-కం" అని మధ్యలో తేలుతుంది. అలాగని అన్నీ ఒకే దెబ్బకి చెరిపేయకండి. నేను చేశాను ఆ ఘనకార్యం. "1914-18" సరిగ్గా లైను చివర విరిగింది, "191418 నాటి యుద్ధం" అయి కూర్చుంది.

పొడుగు గీతతో ఇంకో తంటా. ఓసీఆర్ దాన్ని తరచూ హైఫన్ చేసేస్తుంది. హైఫన్ ఒక సెల్, డ్యాష్ రెండు. విడివిడిగా నిలబడాల్సిన మాటలు వేలి కింద జంటపదమైపోతాయి. స్కాన్ బొమ్మ పక్కన పెట్టుకుని చూడక తప్పదు.

అన్నట్టు, చూపులేనివాళ్ల కోసం పుస్తకాల ప్రతులు చేసుకోనిచ్చే 2013 నాటి అంతర్జాతీయ మరకేష్ ఒప్పందం కూడా ఇలాంటి ప్రతులు మూల రచన సమగ్రతను గౌరవించాలనే అంటుంది, అందుబాటు కోసం అవసరమైన మార్పులను లెక్కలోకి తీసుకుంటూనే. కాగితం మిగుల్చుకోవడం ఆ లెక్కలోకి వస్తుందని నేననుకోను.

తొందరమనిషి:
సరే, ఉంచండి. కానీ ఒకచోట ఆరు, ఇంకోచోట ఏడు ఎందుకు? అన్నీ మూడు చేసి, ముందు పేజీలో ఆ మాట రాస్తే?

ఆరుచుక్కలు:
దానికి నాకు అభ్యంతరం లేదు. మాట ఆగిందని తెలిస్తే చాలు, ఎంతసేపు అన్నది నేను చూసుకుంటాను.

పాతప్రతి:
ప్రశ్నార్థకం ముందు ఖాళీలు వెతికాను. ఒక్క అధ్యాయంలోనే లెక్క తప్పాను, అవి తీసేస్తున్నా. ఏడు చుక్కలని మూడు చేయడానికి మాత్రం ఇంకా చెయ్యి రావడం లేదు.