ఒకే నంబర్‌కి ముగ్గురం రిప్లై ఇస్తాం, సేవ్ చేసిన మెసేజ్‌లు వాడొచ్చా వద్దా?

మగ్గం_మాట:
మాది మంగళగిరి చీరల చిన్న షాపు. ఒకటే వాట్సాప్ బిజినెస్ నంబర్, ఫోన్ నా దగ్గర, ఇంకో రెండు కంప్యూటర్లకి లింక్ చేశాం. శ్రావణమాసం వచ్చిందంటే వరలక్ష్మీవ్రతం దాకా ఊపిరాడదు, అన్నీ అవే ప్రశ్నలు, రేటెంత, కొరియర్ ఎంత, ఎప్పటికి వస్తుంది. మా తమ్ముడు అన్నిటికీ క్విక్ రిప్లైలు సేవ్ చేసి పెట్టాడు, స్లాష్ కొట్టి చిన్న పదం టైప్ చేస్తే మెసేజ్ మొత్తం వచ్చేస్తుంది. నేను తీసేద్దాం అంటున్నా. పోయిన వారం ఒకావిడ చీర రంగు దిగి పక్కనున్న తెల్ల చున్నీ కూడా పాడైందని ఫొటో పెడితే మా నుంచి వెళ్ళింది ఏంటో తెలుసా, "మా చీర తీసుకున్నందుకు ధన్యవాదాలండి, మళ్ళీ రండి". ఆవిడ "ఓకే" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకుంది. తిట్టినా బాగుండేది.

టికెట్_డెస్క్:
అది టెంప్లేట్ (సేవ్ చేసిన మెసేజ్) తప్పు కాదండి, ఫొటో తెరిచి చూడకుండా పంపడం తప్పు. క్విక్ రిప్లై దానంతటది వెళ్ళదు కదా, టైప్ చేసే చోటికి వచ్చి ఆగుతుంది, మార్చుకుని పంపొచ్చు. నేను హైదరాబాద్‌లో సపోర్ట్‌లో చేశా, రాత్రి పదకొండింటికి అకౌంట్ నంబర్, ఐఎఫ్ఎస్‌సీ చేత్తో టైప్ చేస్తే ఒక అంకె అటూ ఇటూ అవ్వదని ఎవరు గ్యారంటీ? అలాంటివి సేవ్ చేసినవే వాడాలి, ఇందులో నాకు రెండో మాట లేదు.

గుంటూరు_గోడౌన్:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. మా దగ్గర కొరియర్ చార్జీ పెరిగింది, ఒకరు కొత్త రేటు చెప్పారు, ఇంకొకరు పాత టెంప్లేట్ కొట్టారు, అదే కస్టమర్‌కి, పది నిమిషాల తేడాలో. మాకు పరువు పోయింది. యాప్‌లో 50 దాకా సేవ్ చేసుకోవచ్చు కదా అని 50 పెట్టేస్తే వాటిని సరిచూసేదెవరు? ఏడెనిమిది చాలు, మార్చే బాధ్యత ఒక్కరిదే ఉండాలి. ఇంకోటి, ఏపీఐ (వాట్సాప్‌ని సొంత సాఫ్ట్‌వేర్‌కి కలిపే పద్ధతి) తీసుకున్నవాళ్ళు టెంప్లేట్ అనేది వేరే. కస్టమర్ చివరి మెసేజ్ పెట్టి 24 గంటలు దాటితే వాట్సాప్ కంపెనీ మెటా ఒప్పుకున్న టెంప్లేటే పంపాలి, అక్కడ సొంత మాటలు కుదరవు. ఆ రెండూ కలిపేసుకోకండి.

మగ్గం_మాట:
నిన్న ఆవిడకి ఫోన్ చేశా. చున్నీ డబ్బులు ఇస్తానంటే వద్దంది. "మొదటిసారి విడిగా ఉతకమని చీరతో పాటు ఒక్క మాట పెట్టుంటే ఇంత అయ్యేది కాదు కదమ్మా" అంది. నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే ఆ మాట మా తమ్ముడు ఎప్పుడో సేవ్ చేశాడు, పంపనివ్వంది నేనే. ధన్యవాదాల మెసేజ్ తీసేశాం. ఉతికే సంగతి ఇక ప్రతి ఆర్డర్‌కీ వెళ్తుంది. ఫొటోతో కంప్లయింట్ వస్తే మాత్రం మావాళ్ళు ఆ చాట్‌కి లేబుల్ (గుర్తు) పెట్టి వదిలేస్తారు, ఆ కస్టమర్లకి నేనే ఫోన్ చేస్తా.