ఫ్రీబీఎస్‌డీని వర్చువల్‌బాక్స్‌లో పరీక్షిస్తున్నాను: తెర పరిమాణం, స్నాప్‌షాట్ల విషయంలో సలహా కావాలి

ఒంగోలులోని మా డీటీపీ సెంటర్‌లో పెళ్లిపత్రికలు, కరపత్రాలు తయారు చేస్తుంటాము. ఇక్కడి కంప్యూటర్లలో ఒకదానిని విండోస్ నుంచి ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు మార్చే ఆలోచనతో, ముందుగా 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌పై కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో 4 జీబీ కేటాయించి, జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థతో, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో దానిని ఇన్‌స్టాల్ చేశాను. కెర్నలూ, మూల సాధనాలూ ఒకే ప్రాజెక్టులో కలిసి రూపొందడం నాకు ఎంతో నచ్చింది.

లిబ్రెఆఫీస్‌లో తెలుగు చక్కగా వస్తోంది. ‘లక్ష్మి’, ‘స్త్రీ’ వంటి మాటల్లో ఒత్తులు విడిపోవడం లేదు. చిక్కంతా తెరతోనే. వర్చువల్‌బాక్స్ లోపలి సిస్టమ్‌కు తెర, మౌస్ వంటివి సరిగా కలిపే గెస్ట్ అడిషన్స్ ప్యాకేజీని వేసి, ఆర్‌సీ కాన్ఫ్ (rc.conf) అనే అమరికల ఫైలులో వాటి సేవలను ప్రారంభించినప్పటికీ, విండోను ఎంత పెద్దది చేసినా డెస్క్‌టాప్ 800×600 దగ్గరే ఉండిపోతోంది. ఏ4 పేజీ మొత్తం ఒకేసారి కనబడక మార్జిన్లు సరిచూసుకోలేకపోతున్నాను. గ్రాఫిక్స్ కంట్రోలర్‌ను వీఎంఎస్‌వీజీఏ నుంచి వీబాక్స్‌ఎస్‌వీజీఏకు మార్చడం సరైన మార్గమేనా, లేక తెరపై బొమ్మను చూపే ఎక్స్‌ఆర్గ్ అమరికలో డ్రైవర్‌ను విడిగా పేర్కొనాలా?

మరొక సందేహం. కొత్త సాఫ్ట్‌వేర్ వేసే ముందు ప్రస్తుతం వర్చువల్‌బాక్స్ స్నాప్‌షాట్ (అప్పటి స్థితిని భద్రపరిచే ప్రతి) తీసుకుంటున్నాను. అసలు మెషీన్‌పై వేసుకున్నాక ఆ పనికి బీఈసీటీఎల్ (bectl) ఆదేశంతో బూట్ ఎన్విరాన్‌మెంట్ (ఏదైనా చెడితే తిరిగి బూట్ చేసుకోగల సిస్టమ్ ప్రతి) సృష్టించుకోవాలనుకుంటున్నాను. సాధారణ అమరికలో హోమ్ డైరెక్టరీ దాని పరిధిలోకి రాదు కనుక, ఖాతాదారుల ఫైళ్లకు జెడ్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్లను మీరు ఎలా ఏర్పాటు చేసుకున్నారు? పేజ్‌మేకర్‌లో చేసిన పాత పత్రికల కోసం ఫ్రీబీఎస్‌డీ సొంత వర్చువల్ మెషీన్ సాధనమైన బీహైవ్‌లో విండోస్‌ను రోజూ నడుపుతున్నవారు ఎవరైనా ఉంటే, 8 జీబీ ర్యామ్ సరిపోతుందో లేదో కూడా దయచేసి తెలియజేయగలరు.